పిడుగు తలనొప్పి: ఒకే బొమ్మ, నాలుగు గుమ్మాలు

1986 చివర్లో 'లాన్సెట్' పత్రికలో డే, రాస్కిన్ అనే ఇద్దరు అమెరికన్ న్యూరాలజిస్టులు ఒకే ఒక్క రోగి గురించి చిన్న వ్యాసం అచ్చువేశారు. ఆమె నలభైల్లో ఉన్న స్త్రీ. ఏ హెచ్చరికా లేకుండా తల బద్దలైపోయేంత నొప్పి వచ్చింది, తగ్గింది, కొన్నాళ్ళకే మళ్ళీ వచ్చింది. అలాంటి నొప్పి వస్తే డాక్టర్లు మొట్టమొదట భయపడేది మెదడు పైపొరల కింద రక్తస్రావానికి. స్కాన్ తీశారు, రక్తం లేదు. వెన్నులో సూది గుచ్చి నీరు తీశారు, తేటగా ఉంది. చివరికి ఆంజియోగ్రామ్ తీస్తే రెండు విషయాలు బయటపడ్డాయి. ఒకటి, ఒక ధమని గోడ బుడగలా ఉబ్బి ఉంది. వైద్యులు అన్యూరిజం అంటారు, అది పగల్లేదు. రెండోది, మెదడు ధమనులు చాలాచోట్ల ఎవరో వేళ్ళతో నొక్కి పట్టుకున్నట్టు సన్నబడి ఉన్నాయి.

రచయితలు మొదటిదాన్ని పట్టుకున్నారు. ఈ తలనొప్పి పగలని అన్యూరిజానికి గుర్తు అన్నది వాళ్ళ తీర్మానం. దానికి వాళ్ళు పెట్టిన పేరు 'థండర్‌క్లాప్ హెడేక్'. ఆ పేరు నిలిచింది, తీర్మానం అంతగా నిలవలేదు. ఆ స్త్రీ తలనొప్పికి అసలు కారణం ఆ రెండో సంగతే అయివుండాలని తర్వాతి తరం న్యూరాలజిస్టుల్లో చాలామంది అభిప్రాయం. అంటే బొమ్మలో జవాబు ఉంది. చూసిన కళ్ళు పక్కనున్న బుడగ దగ్గర ఆగిపోయాయి.

థండర్‌క్లాప్ అంటే అక్షరాలా ఉరుము చప్పుడు. తెలుగులో మాత్రం నెత్తిన పడేది పిడుగే కాబట్టి పిడుగు తలనొప్పి అందాం. దీనికి ఒక కొలత ఉంది: నొప్పి మొదలైన ఒక్క నిమిషం లోపల పతాకస్థాయికి చేరాలి. మైగ్రేన్ అలా రాదు, మెల్లగా గంటల మీద పెరుగుతుంది. పిడుగు తలనొప్పి వచ్చిన మనిషిని 'ఎప్పుడు మొదలైంది?' అని అడిగితే, 'గిన్నె దించుతుండగా', 'తల మీద నీళ్ళు పోసుకుంటుండగా' అని క్షణంతో సహా చెబుతారు. (ఇలాంటి నొప్పి ఎవరికొచ్చినా ఈ వ్యాసం లాంటివి చదువుతూ కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. పగిలిన అన్యూరిజం కూడా సరిగ్గా ఇలాగే మొదలవుతుంది, అది గంటల్లో చంపగలదు.)

ఆ రెండో సంగతికి ఇవాళ ఒక పొడుగాటి పేరుంది: రివర్సిబుల్ సెరిబ్రల్ వాసోకన్‌స్ట్రిక్షన్ సిండ్రోమ్, పొట్టిగా ఆర్.సి.వి.ఎస్. మెదడు ధమనులు తాత్కాలికంగా సన్నబడి, కొన్ని వారాల్లో తమంతట తామే మామూలైపోయే జబ్బు. ఈ ఒక్క పేరు 2007 దాకా లేదు. అంతకుముందు దీనికి చాలా పేర్లుండేవి, ఆ పేర్లను బట్టి వైద్యాలూ ఉండేవి. వాటిలో ఒక వైద్యం జబ్బు కంటే ప్రమాదం. నాకు ఈ చరిత్రలో ఆసక్తి అక్కడే.

మెదడు లోపలి ధమనులని బతికున్న మనిషిలో చూడటం 1927 దాకా సాధ్యపడలేదు. లిస్బన్‌లో ఈగాస్ మోనిజ్ అనే న్యూరాలజిస్టు (ఈయన మొదటి ప్రపంచయుద్ధం తర్వాతి శాంతి సభకు పోర్చుగల్ ప్రతినిధివర్గాన్ని నడిపించిన రాజకీయ నాయకుడు కూడా) మెడలోని ధమనిలోకి ఎక్స్‌రేకి కనిపించే ద్రావణం ఎక్కించి ఫోటో తీశాడు. ముందు స్ట్రాన్షియం బ్రోమైడ్ వాడాడు. ఒక రోగి చనిపోయాక సోడియం అయొడైడ్‌కి మారాడు. ఫోటోలో నల్లటి చెట్టుకొమ్మల్లా ధమనులు కనిపించాయి. మోనిజ్‌కి 1949లో నోబెల్ వచ్చింది గానీ దీనికి కాదు, మెదడు నరాలు కత్తిరించే ల్యూకాటమీకి. ఇవాళ ఆ ఆపరేషన్ పేరెత్తడానికే ఇబ్బందిపడతాం. ఆంజియోగ్రామ్ మాత్రం రోజూ వాడుకుంటున్నాం.

అయితే ఆంజియోగ్రామ్‌కు పుట్టుకతో వచ్చిన లోపం ఒకటి ఉంది. అది చూపించేది ధమనిలో పారే ద్రావణం నీడని, ధమని గోడని కాదు. గొట్టం సన్నబడిందని చెబుతుంది, ఎందుకు సన్నబడిందో చెప్పదు. గోడ వాచి లోపలికి పొడుచుకొచ్చిందా, లేక గోడలోని కండరం బిగుసుకుందా? రెండిటికీ నీడ ఒకటే: పూసలదండలాగా ఒకచోట సన్నం, ఒకచోట లావు, మళ్ళీ సన్నం.

ఇక్కడ కథ రెండుగా చీలుతుంది. 1959లో క్రావియోటో, ఫైగిన్ అనే ఇద్దరు, ఏ సూక్ష్మజీవీ కారణం కాకుండా ప్రధానంగా నాడీవ్యవస్థ రక్తనాళాల గోడలే వాచిపోయే జబ్బుని వర్ణించారు. తొలి రోజుల్లో ఈ జబ్బు ఎక్కువగా తెలిసింది శవపరీక్షల్లోనే. అంటే అది వచ్చినవాళ్ళు బతికేవాళ్ళు కాదు. 1983లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నుంచి కప్స్, మూర్, ఫౌచి అనే ముగ్గురు ఒక వ్యాసం రాశారు. (అవును, కోవిడ్ రోజుల్లో టీవీలో రోజూ చూసిన ఆంథొనీ ఫౌచియే.) స్టిరాయిడ్లతో పాటు సైక్లోఫాస్ఫమైడ్ ఇస్తే ఈ రోగులు బతుకుతున్నారని ఆ వ్యాసం సారాంశం. సైక్లోఫాస్ఫమైడ్ క్యాన్సర్ మందు. జుట్టు రాలడం అందులో చిన్న సంగతి. రోగనిరోధకశక్తి పడిపోతుంది, మూత్రకోశంలోంచి రక్తం రావచ్చు, వయసులో ఉన్న ఆడవాళ్ళలో అండాశయాలు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. చావు తప్పదన్న జబ్బుకి అంత ఖరీదు చెల్లించడంలో తప్పులేదు.

ఈ వార్త తెలిశాక డాక్టర్లు ఏం చేస్తారు? మెదడు కోసి ముక్క తీసి చూడటం పెద్ద పని, రోగి ఒప్పుకోడు, ఒక్కోసారి ముక్క తీసినచోట జబ్బు దొరకదు కూడా. ఆంజియోగ్రామ్ సులువు. పూసలదండ కనిపిస్తే వాస్కులైటిస్, అంటే రక్తనాళాల వాపు, అని రాసి మందు మొదలుపెట్టేవారు. అలా 1980లలో ఒక విచిత్రం జరిగింది. ఈ ప్రాణాంతకమైన జబ్బు ఉన్నట్టుండి చాలా మంచిదైపోయింది! రోగులు ఎక్కువయ్యారు, వాళ్ళు యువతులు, మందిస్తే వారాల్లో కోలుకుంటున్నారు. మందు గొప్పదనం అనుకోవడం కంటే సహజమైంది ఏముంది?

అదే సమయంలో ఫ్రాన్సులో ఇంకొందరు అదే పూసలదండని చూస్తున్నారు. తూలూజ్‌లో రాస్కోల్ బృందం 1970ల చివర్లో బాలింతల్లో దీన్ని గమనించింది. పురుడు వచ్చిన కొద్దిరోజులకి విపరీతమైన తలనొప్పి, కొందరికి ఫిట్స్, కొందరికి చెయ్యో కాలో పడిపోవడం, ఆంజియోగ్రామ్‌లో సన్నబడ్డ ధమనులు, తర్వాత అన్నీ సర్దుకోవడం. వాళ్ళకి ఇది ప్రసవానికి సంబంధించిన జబ్బు. 1984లో పారిస్ నుంచి సెర్దారు తదితరులు రాసిన వ్యాసం శీర్షికే ఒక ప్రశ్న: ఇది మెదడుకే పరిమితమైన, హానిలేని వాస్కులైటిసా, లేక మైగ్రేన్ వల్ల ధమని బిగుసుకోవడమా? వైద్యపత్రికల్లో ప్రశ్నార్థకంతో ముగిసే శీర్షిక అరుదేమీ కాదు గానీ, ఆ ప్రశ్న నిజాయితీగా అడిగినది. జవాబు వాళ్ళ దగ్గర లేదు.

బోస్టన్‌లో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో మిల్లర్ ఫిషర్ ఉండేవాడు. ఈ మనిషి గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. 1913లో కెనడాలో పుట్టాడు. రెండో ప్రపంచయుద్ధంలో నౌకాదళ వైద్యుడిగా ఉండగా ఓడ మునిగి జర్మన్లకు చిక్కి మూడేళ్ళకు పైగా యుద్ధఖైదీగా గడిపాడు. తర్వాత పక్షవాతం గురించి మనకి ఇవాళ తెలిసినదాంట్లో పెద్ద భాగం ఈయన చేతి మీదుగా వచ్చింది. మెడ ధమనిలో పూడికకీ పక్షవాతానికీ ఉన్న లంకె, పక్షవాతానికి ముందు వచ్చిపోయే చిన్న హెచ్చరికలు, మెదడు లోతుల్లో వచ్చే చిన్న చిన్న గుంటలు, ఇవన్నీ. ఆయన పద్ధతిలో యంత్రాలకన్నా రోగి మంచం పక్కన కూర్చుని కథ వినడం ముఖ్యం. ఒక రోగిలో వింత చూస్తే రాసి పెట్టుకుని, అలాంటిది ఇంకోటి వచ్చేదాకా ఏళ్ళ తరబడి ఆగేవాడు.

ఫిషర్ 1971లోనే బాలింతల్లో ఇలా ధమనులు సన్నబడటం గురించి రాశాడు. 1980లో కిస్ట్లర్ అనే సహచరుడితో కలిసి మరో పని చేశాడు: అన్యూరిజం పగిలి రక్తం చిమ్మినప్పుడు ఆ రక్తం ఎంత మందంగా పేరుకుంటే ధమనులు అంతగా బిగుసుకుంటాయని స్కాన్ల మీద కొలిచి చూపాడు. ఇవాళ్టికీ దాన్ని ఫిషర్ స్కేల్ అంటారు. అంటే రక్తం తగిలితే ధమని బిగుసుకుంటుందని ప్రపంచానికి లెక్కకట్టి చూపినవాళ్ళే వీళ్ళు. అలాంటివాళ్ళకి రక్తం చుక్కయినా లేకుండా బిగుసుకున్న ధమనులు కనిపిస్తే అది ఊరికే వదిలేసే విషయం కాదు.

1988లో 'స్ట్రోక్' పత్రికలో గ్రెగరీ కాల్, మేరీ ఫ్లెమింగ్, మరికొందరు, చివర్లో కిస్ట్లర్, ఫిషర్ కలిసి ఒక వ్యాసం వేశారు. తమ దగ్గరికి వచ్చినవాళ్ళనీ అంతకుముందు తెలిసినవాళ్ళనీ కలిపి 19 మంది. అందరి కథా ఒక్కటే: తీవ్రమైన తలనొప్పి, ధమనులు ముక్కలు ముక్కలుగా సన్నబడటం, మళ్ళీ తెరుచుకోవడం. దీనికి వాపు కారణం కాదు, గోడ బిగుసుకోవడమే కారణం అన్నది వాళ్ళ వాదన. చాలాకాలం ఈ జబ్బుని కాల్-ఫ్లెమింగ్ సిండ్రోమ్ అనేవారు. ఫిషర్ పేరు మీద అప్పటికే మరో సిండ్రోమ్ ఉంది కాబట్టి ఆయనకి లోటేమీ లేదు.

అదే 1988లో, మరో పత్రికలో, క్లీవ్‌లాండ్ క్లినిక్ నుంచి లెనర్డ్ కలబ్రీజ్, మాలెక్ మెదడు వాస్కులైటిస్‌ని గుర్తించడానికి కొలమానాలు ప్రచురించారు. అందులో ఒకటి: ముక్క కోసి పరీక్షించినా సరే, లేదా ఆంజియోగ్రామ్‌లో ఆ లక్షణాలు కనిపించినా సరే. ఆ 'లేదా' అన్న చిన్నమాట వల్ల, బోస్టన్ వాళ్ళు వాపు కాదన్న అదే పూసలదండ క్లీవ్‌లాండ్ లెక్కలో వాపు అయిపోయింది. కలబ్రీజ్ రుమటాలజిస్టు. అంటే కీళ్ళవాతాలు, రోగనిరోధకశక్తి తిరగబడే జబ్బులు చూసేవాడు. కాల్, ఫ్లెమింగ్ న్యూరాలజిస్టులు. ఒకరు చదివే పత్రికలు ఇంకొకరు చదవరు.

ఇక్కడ గుడ్డివాళ్ళూ ఏనుగూ కథ చెప్పేయాలని ఎవరికైనా చెయ్యి దురద పుడుతుంది. కానీ అది సరిపోదు. ఆ కథలో ఒకడు తోక పట్టుకుంటాడు, ఒకడు చెవి. ఇక్కడ అందరూ చూసింది ఒకే ఫోటో. తేడా ఎక్కడుందంటే రోగి ఏ గుమ్మంలోంచి లోపలికొచ్చిందన్న దాంట్లో ఉంది. పురిటి వార్డు నుంచి వస్తే బాలింత జబ్బు, తలనొప్పి క్లినిక్‌కి వస్తే మైగ్రేన్ బిగింపు, పక్షవాతం వార్డుకి వస్తే ధమని సంకోచం, రుమటాలజీకి పంపిస్తే వాస్కులైటిస్. నాలుగో గుమ్మంలోంచి వచ్చినవాళ్ళకి మాత్రమే సైక్లోఫాస్ఫమైడ్.

కలబ్రీజ్‌ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు, నిజానికి ఈ కథలో నాకు ఎక్కువ నచ్చిన మనిషి ఆయనే. తన కొలమానాలతో పోగుపడ్డ రోగుల్ని ఆయన మళ్ళీ వరసపెట్టి చూశాడు. ముక్క పరీక్షలో వాపు రుజువైనవాళ్ళు ఒక రకం: జబ్బు నెలల మీద నెమ్మదిగా ముదురుతుంది, వెన్నునీటిలో తేడా ఉంటుంది, మందు లేకపోతే బతకరు. ఆంజియోగ్రామ్ మీద మాత్రమే పేరు పడ్డవాళ్ళు ఇంకో రకం: ఎక్కువగా యువతులు, తలనొప్పి ఒక్కసారిగా వస్తుంది, వెన్నునీరు శుభ్రం, జబ్బు ఒక్క విడతతో ముగుస్తుంది. 1993లో ఆయన బృందం ఈ రెండోవాళ్ళని విడదీసి 'బినైన్ యాంజియోపతీ', అంటే హానిలేని రక్తనాళ జబ్బు, అని పేరు పెట్టింది. 2002లో అలాంటి 16 మందిని చాలాకాలం వెంబడించి చూసి మళ్ళీ రాశారు. వాళ్ళ కోలుకోవడం నిలిచింది, జబ్బు తిరగబెట్టేది కాదు. ఐదేళ్ళ కిందట తాను గీసిన గీతని చెరిపి పక్కకి జరపడం పెద్ద ఆసుపత్రి పెద్ద డాక్టరుకి అంత తేలిక కాదు. మందు వల్లే తగ్గిందన్న పేరు ఆయన లాంటివాళ్ళకే వచ్చేది కదా.

సరే, ధమనులు ఎందుకు బిగుసుకుంటాయి? పూర్తి జవాబు కంటే ముందు ఒక జాబితా తయారైంది. ఆ జాబితాలో మొదటిపేరు చాలా పాతది. రై ధాన్యం కంకులకి పట్టే ఒక రకం బూజు ఉంది, ఎర్గట్ అంటారు. మధ్యయుగాల యూరప్‌లో ఆ పిండితో చేసిన రొట్టె తిన్నవాళ్ళకి కాళ్ళూ చేతులూ మంటలెత్తి, నల్లబడి, ఊడిపోయేవి. రక్తనాళాలు మూసుకుపోవడమే కారణం. దాన్ని సెయింట్ ఆంథొనీ మంట అని పిలిచేవారు. అదే బూజుని మంత్రసానులు కొద్ది మోతాదులో కాన్పుకి వాడేవారు, గర్భాశయం బిగుసుకుంటుందని. స్విట్జర్లాండ్‌లో సాండోజ్ కంపెనీ రసాయనవేత్త ఆర్థర్ స్టోల్ 1918లో దాన్నుంచి ఎర్గొటమిన్ వేరుచేశాడు. అది మైగ్రేన్ మందు అయింది. 1935లో లండన్‌లో డడ్లీ, మోయిర్ ఎర్గోమెట్రిన్ వేరుచేశారు, అది పురిటి రక్తస్రావానికి మందు అయింది. దాన్ని కొంచెం మార్చి స్టోల్, ఎల్.ఎస్.డి. కనిపెట్టిన ఆల్బర్ట్ హాఫ్‌మన్ కలిసి చేసినదే మెథర్జిన్. మన ఊళ్ళలో పురుళ్ళు పోసే ఏ నర్సుకైనా తెలిసిన పేరు.

ఈ మందు మీద ఆడిపోసుకోవడానికి లేదు. కాన్పు తర్వాత ఆగని రక్తస్రావం తల్లుల్ని చంపే కారణాల్లో మొదటి వరసలో ఉంది, ఎర్గోమెట్రిన్ జాతి కాపాడిన ప్రాణాలు లెక్కకందవు. కానీ గర్భాశయాన్ని బిగించే గుణం, అరుదుగా కొందరిలో, మెదడు ధమనుల్నీ బిగిస్తుంది. పాలు ఆగిపోవడానికి ఇచ్చే బ్రోమోక్రిప్టిన్ కూడా ఎర్గట్ సంతతే. బాలింతల్లో పక్షవాతం, ఫిట్స్ కేసులు వచ్చాక 1994లో అమెరికాలో ఆ వాడకాన్ని మానుకున్నారు. ఇంకో చిక్కు చూడండి. పిడుగు తలనొప్పితో వచ్చిన మనిషికి మైగ్రేన్ అని పొరబడి ఎర్గొటమిన్ గానీ, 1990లలో వచ్చిన ట్రిప్టాన్ మందులు గానీ ఇస్తే, బిగిసిన ధమనిని ఇంకా బిగించినట్టే.

జాబితాలో ఇంకా ఉన్నవి: డిప్రెషన్‌కి వాడే కొన్ని మందులు, గంజాయి, కొకైన్, ముక్కు దిబ్బడకి వేసుకునే బిళ్ళలు. ముక్కు దిబ్బడ బిళ్ళలు పనిచేసేదే ముక్కులోని రక్తనాళాల్ని బిగించి. వాటిలో ఫినైల్‌ప్రొపనోలమీన్ అనేది మెదడులో రక్తస్రావానికి కారణమవుతోందని 2000లో యేల్ విశ్వవిద్యాలయం పరిశీలన చెప్పాక అమెరికాలో దుకాణాల్లోంచి తీసేశారు. మన దేశంలో జలుబు మాత్రల్లో అది అలాగే ఉండేది. ప్రభుత్వం ఆపమని ఉత్తర్వు ఇచ్చింది 2011లో.

మందులతో పనిలేని కారణాలూ ఉన్నాయి. శృంగారం, ముక్కడం, దగ్గు, బరువెత్తడం, కోపం. తైవాన్‌లో వాంగ్ బృందం గమనించినది మరీ మామూలు పని: స్నానం. ఎక్కువగా నడివయసు ఆడవాళ్ళు, ఒంటిమీద నీళ్ళు పడగానే పిడుగు తలనొప్పి. కొన్నాళ్ళపాటు స్నానమంటేనే భయం. 'స్నానం తలనొప్పి' అని ఆసియా వైద్యులు రాస్తుంటే చాలాకాలం అది వేరే వింత జబ్బు అనుకున్నారు. ధమనుల ఫోటోలు తీసి చూస్తే చాలామందిలో అదే పూసలదండ. ఇంకో గుమ్మం, ఇంకో పేరు.

మన దగ్గర బాలింతకి తలనొప్పి వస్తే ఇంట్లో ముందు అడిగేది చెవుల్లో దూది పెట్టుకున్నావా, తలకి గుడ్డ కట్టుకున్నావా, చల్లగాలి తగిలిందా అని. ఆసుపత్రికి తీసుకెళ్తే న్యూరాలజిస్టు ముందు అనుమానించేది మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టడం. అందులో తప్పులేదు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో నాగరాజ తదితరులు దశాబ్దాల పాటు చేసిన పనివల్ల బాలింతల్లో అది ఎంత సాధారణమో, హెపారిన్‌తో ఎలా బతికించవచ్చో మనవాళ్ళకి బాగా తెలుసు. కానీ సిరల ఫోటో శుభ్రంగా వచ్చినప్పుడు ధమనుల వైపు కూడా చూడాలి. చూసినా మొదటి రోజు కనిపించకపోవచ్చు.

ఎందుకు కనిపించదో 2007లో తెలిసింది. పారిస్‌లోని లారిబోయిసియేర్ ఆసుపత్రిలో తలనొప్పులకే ప్రత్యేకమైన అత్యవసర విభాగం ఉంది. అక్కడ ఆన్ ద్యూక్రో బృందం మూడేళ్ళలో వచ్చిన 67 మందిని వరసగా, మొదటిరోజు నుంచీ వెంబడించింది. అంతకుముందు రాసినవన్నీ పాత కాగితాలు తిరగేసి రాసినవి. వీళ్ళు జరుగుతుండగా చూశారు. 67 మందిలో 94 శాతానికి పిడుగు తలనొప్పి ఒక్కసారితో ఆగలేదు, సుమారు వారంపాటు మళ్ళీ మళ్ళీ వచ్చింది. మెదడు పైన పలచగా రక్తం చిమ్మడం లాంటివి మొదటి వారంలో జరిగాయి, ధమని మూసుకుపోయి వచ్చే పక్షవాతం రెండో వారంలో. ఎందుకంటే బిగింపు కొనకొమ్మల్లో, ఆంజియోగ్రామ్‌కి అందనంత సన్నటి నాళాల్లో మొదలై, రోజులు గడిచేకొద్దీ మొదలు వైపు పాకుతుంది. తలనొప్పులు ఆగిపోయి రోగి హమ్మయ్య అనుకునే సమయానికి పెద్ద ధమనుల బిగింపు ఇంకా ముదురుతూ ఉండవచ్చు.

అదే 2007లో కలబ్రీజ్, తలనొప్పి నిపుణులు డాడిక్, ష్వెట్, బోస్టన్ పక్షవాతం విభాగం నుంచి సింఘల్, నలుగురూ కలిసి ఒక సమీక్ష రాశారు. కాల్-ఫ్లెమింగ్, బాలింత యాంజియోపతీ, బినైన్ యాంజియోపతీ, మైగ్రేన్ బిగింపు, మందుల వల్ల వచ్చేది, ఇవన్నీ ఒకటేనని చెప్పి ఇప్పటి పేరు ఖాయం చేశారు. నాలుగు గుమ్మాల్లో మూడిటివాళ్ళు ఆ నలుగురిలో ఉన్నారు. పురిటి వైద్యులు ఒక్కరూ లేరు, అది కొంచెం వెలితే.

పేరు ఒకటయ్యాక కూడా గుమ్మం ప్రభావం పోలేదు. సింఘల్, కలబ్రీజ్‌ల బృందం 2011లో బోస్టన్, క్లీవ్‌లాండ్ రోగులు 139 మంది లెక్క ప్రచురించింది. అందులో 39 శాతానికి పక్షవాతపు మచ్చలు, 20 శాతానికి మెదడులో రక్తస్రావం. పారిస్‌లో మెదడులో రక్తస్రావం 6 శాతమే. జబ్బు అమెరికాలో ఎక్కువ క్రూరమని కాదు. పారిస్‌లో తలనొప్పి రాగానే నడుచుకుంటూ వచ్చారు, బోస్టన్‌కి చెయ్యి పడిపోయాక పంపించబడ్డారు. అయినా ఆ 139 మందిలో 78 శాతం బాగా కోలుకున్నారు. మిగతావాళ్ళలో కొందరికి వైకల్యం మిగిలింది, కొద్దిమంది చనిపోయారు. చనిపోయినవాళ్ళలో బాలింతలున్నారు. 'హానిలేని' అన్న విశేషణం 2004 నాటి అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణలో ఉంది, 2018 నాటికి తీసేశారు. తీసేయాల్సిందే.

సైక్లోఫాస్ఫమైడ్ సంగతి ఏమైంది? ఆ పూట ఇస్తే తగ్గింది, ఇవ్వకపోయినా తగ్గేది. స్టిరాయిడ్ల విషయం ఇంకా చేదు. 2017లో సింఘల్, తోప్చువోలు అనే ఇద్దరు 162 మంది రోగుల్ని చూసి, స్టిరాయిడ్లు ఇచ్చినవాళ్ళలో కొందరు ఆ తర్వాతే దిగజారారని, చివరి ఫలితం కూడా వాళ్ళలోనే అధ్వాన్నంగా ఉందని చూపారు. వాపు లేని గోడకి వాపు మందు ఇవ్వడం వృథా మాత్రమే అనుకున్నాం. నష్టం కూడా చేసి ఉండవచ్చు.

2019లో వాస్కులైటిస్‌నీ దీన్నీ మంచం దగ్గరే విడదీయడానికి మార్కుల పద్ధతి ఒకటి తెచ్చారు. ఎక్కువలో ఎక్కువ 10 మార్కులు. ధమనుల్ని బిగించే మందో ప్రసవమో లాంటి కారణం ఉంటే 3, స్త్రీ అయితే 1, మెదడు పైపొర కింద రక్తం ఉంటే 1. మెడ నుంచి వచ్చే పెద్ద ధమని కూడా సన్నబడి ఉంటే 2 తీసేస్తారు. మిగిలిన 5 మార్కులు పిడుగు తలనొప్పికి. 5 వస్తే చాలు, ఈ జబ్బే. అంటే రోగి నోటితో చెప్పే ఒక్క మాటకి ఉన్న బరువు స్కాన్లో రక్తానికి లేదు. మిల్లర్ ఫిషర్ 2012లో, 98 ఏళ్ళ వయసులో, పోయాడు. ఇది చూసుంటే ఆశ్చర్యపోయేవాడు కాదనుకుంటాను.

ఇక ఇప్పుడు ఇస్తున్న మందు నిమోడిపిన్. ధమనుల కండరాన్ని సడలించేది, అన్యూరిజం పగిలిన రోగులకి ఎప్పటినుంచో ఇస్తున్నదే. పారిస్ బృందం కూడా తమ రోగుల్లో చాలామందికి ఇచ్చింది. ఎక్కువమందిలో తలనొప్పులు ఒకటి రెండు రోజుల్లో ఆగాయి. ఇచ్చినవాళ్ళనీ ఇవ్వనివాళ్ళనీ చీటీలు వేసి విడగొట్టి పోల్చిన పెద్ద పరిశీలన లేకుండానే అది ప్రపంచమంతా వాడుకలోకి వచ్చేసింది. తలనొప్పులు ఎలాగూ వారం పది రోజుల్లో ఆగే జబ్బులో, ఐదో రోజు మందు మొదలుపెట్టి ఏడో రోజు నొప్పి ఆగితే, సైక్లోఫాస్ఫమైడ్‌ని అడగాల్సిన ప్రశ్నే దీన్నీ అడగాలి. ఈలోగా రోగ నిర్ధారణకి చివరి షరతు ఎప్పటిదే: 12 వారాల లోపల ధమనులు మామూలు కావాలి. అంటే రోగికి వచ్చింది ఈ జబ్బేనని ఖాయంగా చెప్పగలిగేది మూడు నెలల తర్వాత తీసే ఆంజియోగ్రామ్‌లో, అప్పటికి ఆమె మామూలుగా తిరుగుతూ, మళ్ళీ ఫోటో ఎందుకండీ అని అడుగుతూ ఉంటుంది.